జార్జియా కోస్ట్‌లో "వాటర్‌ఫ్రంట్ టెంట్" ప్యాకేజీకి డబ్బులు కట్టే ముందు ఇది చదవండి

అట్లాంటా, షార్లెట్ వైపు ఉన్నవాళ్ళు ముఖ్యంగా చూడండి, ఫాల్ బ్రేక్‌కి సవానా చుట్టుపక్కల క్యాంపింగ్ అనుకునేవాళ్ళు మనవాళ్ళలో చాలామందే ఉంటారు. స్టేట్ పార్క్‌లో సైట్ మనం బుక్ చేసుకుంటే టెంటు, మంచాలు, లైట్లు, కయాక్ అన్నీ తెచ్చి సెట్ చేసి పెట్టే ప్రైవేట్ రెంటల్ వాళ్ళు ఉంటారు కదా, అలాంటి ఒకళ్ళ దగ్గర తీసుకున్నాం. పార్కు మీద నాకేం కంప్లైంట్ లేదు, గొడవంతా ఈ రెంటల్ వాళ్ళతోనే.

వాళ్ళ ఫోటోల్లో టెంటు గుమ్మం ముందే నీళ్ళు, పక్కన కయాక్, కింద "ఎప్పుడైనా దిగొచ్చు" అని రాసుంది. మేం మధ్యాహ్నం చెక్-ఇన్‌కి వెళ్ళేసరికి నీళ్ళే లేవు! నల్లటి బురద, మధ్యలో గడ్డి, కుళ్ళిన కోడిగుడ్డు వాసన. కయాక్ మాకిచ్చిన స్లాట్ 2 నుంచి 5. బురదలో కాలు పెడితే మోకాలి దాకా దిగిపోతోంది, పైగా ఆయిస్టర్ గుల్లలు బ్లేడుల్లా కోస్తాయి, పిల్లల్ని దించే ప్రసక్తే లేదు. ఫోన్ చేస్తే "ఇట్స్ నేచర్" అని నవ్వాడు మహానుభావుడు.

అసలు సంగతేంటంటే మనలో ఎక్కువమంది వెళ్ళేది ఫ్లోరిడా గల్ఫ్ తీరంలోని డెస్టిన్, పనామా సిటీ బీచ్, అక్కడ పోటుకీ పాటుకీ తేడా అడుగో రెండడుగులో, ఎవరికీ తెలీను కూడా తెలీదు. జార్జియా కోస్ట్ అలా కాదు, ఫ్లోరిడాకీ కరోలినాలకీ మధ్య తీరం లోపలికి వంగి ఉండటంతో నీళ్ళన్నీ అక్కడికే నెట్టుకొస్తాయి, తేడా మామూలు రోజుల్లోనే దాదాపు 7 అడుగులు. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, ఒక పోటుకీ ఇంకోదానికీ సుమారు 12 గంటల 25 నిమిషాలు, అంటే రోజూ ఓ 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది. పౌర్ణమి, అమావాస్యలకి సవానా దగ్గర పోటు పొద్దున, రాత్రి ఎనిమిది తొమ్మిది ప్రాంతాల్లో వస్తుంది, పాటు సరిగ్గా చెక్-ఇన్ టైంకి. మేం వెళ్ళింది పౌర్ణమికే. రోజూ అక్కడే వ్యాపారం చేసేవాడికి ఇది తెలీదంటే నేను నమ్మను, తెలిసే ఆ స్లాట్ అంటగట్టాడు.

కయాక్ పోతే పోయింది అనుకోవచ్చు, రాత్రి జరిగింది ఇంకా ఘోరం. వ్యూ కోసమని టెంటుని సైట్‌లో ఉన్న గట్టి ప్యాడ్ మీద కాకుండా ముందుకి, గడ్డి అంచున వేశారు. అక్కడ ఎండిపోయిన గడ్డి కాడలు వరసగా చెత్త గీతలాగా పేరుకుని ఉంటాయి, పోటు నీళ్ళు అక్కడిదాకా వచ్చి పోయాయని గుర్తు, మా టెంటు ఆ గీతకి నీటి వైపు ఉంది. సాయంత్రం రౌండ్స్‌కి వచ్చిన రేంజర్ చూసి వెంటనే ప్యాడ్ మీదకి మార్చమన్నారు. రెంటల్ వాళ్ళకి ఫోన్ చేస్తే ఎత్తరు, అంత పెద్ద టెంటు మేమే పీక్కుంటుంటే సగంలో నీళ్ళొచ్చేశాయి, స్లీపింగ్ బ్యాగులన్నీ ఉప్పునీళ్ళలో. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా వచ్చే పెద్ద పోట్లని అక్కడ కింగ్ టైడ్స్ అంటారు, సవానా నుంచి టైబీ ఐలాండ్ వెళ్ళే హైవే 80 మీదకి కూడా నీళ్ళు ఎక్కేది ఇలాంటి రోజుల్లోనే.

దోమతెర గురించి కూడా చెప్పాలి, "బగ్ ప్రూఫ్" అన్నారు గానీ మామూలు దోమతెరలోంచి అక్కడి సన్న పురుగులు, నో-సీ-అమ్స్ అంటారు, హాయిగా దూరిపోతాయి. సవానా బేస్‌బాల్ టీముకే ఒకప్పుడు వీటి పేరు, శాండ్ నాట్స్, ఉండేది అంటే ఎంత ఫేమస్సో అర్థం చేసుకోండి. సన్న మెష్ ఉందా అని అడగండి.

డబ్బులు కట్టే ముందు నోవా (NOAA, అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) సైట్‌లో మీ డేట్స్‌కి సవానా దగ్గరి ఫోర్ట్ పులాస్కీ స్టేషన్ టైడ్ టేబుల్ (పోటుపాట్ల టైమింగ్స్) చూడండి, ఫ్రీ, క్రీకుల్లో టైం కొంచెం అటూ ఇటూ ఉంటుంది. కయాక్ స్లాట్ పోటుకి కాస్త అటూ ఇటూగా ఉండేలా మెయిల్లో రాయించుకోండి. పాటు టైంలో తీసిన ఫోటో పంపమనండి, పంపకపోతే వదిలేయండి. టెంటు ప్యాడ్ మీదే వేస్తామని కూడా రాతలో ఉండాలి.

రీఫండ్ అడిగితే "ప్రకృతి పరిస్థితులకి బాధ్యత లేదు" అనే క్లాజ్ చూపించారు, అది చాలనట్టు టెంటుకి బురద అంటిందని క్లీనింగ్ ఫీ కూడా కార్డు మీద గీకారు. పోటు ప్రకృతే, నేనూ కాదనను, టెంటు అక్కడ వేసింది ప్రకృతి కాదు కదా. ఆ ఛార్జ్ కనిపించిన మొదటి క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు కార్డు కంపెనీకి రాతపూర్వకంగా డిస్ప్యూట్ చేయొచ్చు, "ఎప్పుడైనా దిగొచ్చు" స్క్రీన్‌షాట్, టెంటు ఎక్కడ వేశారో ఫోటోలు పెట్టి నేను చేశాను. కయాక్ డబ్బులు వెనక్కొచ్చాయి, టెంటు డబ్బులు, క్లీనింగ్ ఫీ ఇంకా నడుస్తున్నాయి.