పదకొండో దెబ్బ

మా బాబుకి తొమ్మిదేళ్లు. ఆటిజం ఉంది. గడియారాలంటే ప్రాణం. సాలార్‌జంగ్ మ్యూజియంలోని గంటల గడియారాన్ని కలకత్తాలో కుక్ అండ్ కెల్వీ వాళ్లు కూర్చారని మా అందరికీ చెప్పింది వాడే. దాన్ని చూపించడానికే ఖమ్మం నుంచి హైదరాబాద్ వెళ్లాం, నేను, మా ఆయన, అత్తయ్య. రైల్లో ఏ ఇబ్బందీ లేదు.

ఆదివారం వెళ్లడం మా తప్పు. పైగా సరిగ్గా పన్నెండుకి చేరాం. పన్నెండు దెబ్బలు వినాలని జనమంతా ఆ వేళకే వస్తారు. గంట కొట్టే గడ్డం బొమ్మ గడియారంలోంచి బయటికి రాగానే ఫోన్లు లేచాయి, కేకలు మొదలయ్యాయి. బాబు చెవులు మూసుకుని నేలమీద కూలబడి తల గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టాడు.

"అంత పిల్లాడికి రెండు తగిలిస్తే దారికొస్తాడు" అందొకావిడ. ఒకబ్బాయి వీడియో తీస్తున్నాడు. అది మొండితనం కాదు. శబ్దం, వెలుతురు, మనుషుల ఒరిపిడి ఒక్కసారే మీద పడితే వాడి మెదడు తట్టుకోలేదు. అప్పుడు తిట్టినా బుజ్జగించినా ఇంకా పెరుగుతుంది. చుట్టూ కాస్త చోటిచ్చి, మాట్లాడకుండా ఆగాలి. ఆ చోటే ఎవరూ ఇవ్వలేదు. అత్తయ్య కొంగు తీసి వాడి తలమీద కప్పారు. సిగ్గుపడి కప్పారో, వెలుతురు తగలకుండా కప్పారో నేను అడగలేదు. ఆ కొంగు కిందే పాతిక నిమిషాలకి కుదుటపడ్డాడు.

మా ఆయన ముఖం మాడిపోయింది. "రేపు పొద్దున్నే రైలెక్కేద్దాం" అన్నారు.

సాయంత్రం ఆటోకి 350 ఇచ్చి కుతుబ్ షాహీ సమాధులకి వెళ్లాం. వందెకరాలు దాటిన తోట, ఎంత జనం వచ్చినా పలచబడిపోతారు. మా వాడు పరిగెత్తాడు, ఎవరూ తిరిగి చూడలేదు. ఇలాంటి పిల్లలున్నవాళ్లు హైదరాబాద్‌లో ముందు ఇక్కడికి రండి. చార్మినార్, లాడ్‌బజార్ సాయంత్రాలు వద్దే వద్దు.

లాడ్జి సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. గది 2,200. వెనకవైపు నిశ్శబ్దంగా ఉండే గది కావాలని ఫోన్‌లో రెండుసార్లు చెప్పాను, సరేనన్నారు. తీరా చూస్తే పక్కనే ఫంక్షన్ హాలు, రాత్రి పదకొండుకి బరాత్ బ్యాండు. మార్చమంటే ఇంకో 800 అన్నాడు మేనేజరు. బాబు యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డు, చూపించాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం పేరు రాసి ఉందని కూడా చెప్పాను. "చూడ్డానికి బాగానే ఉన్నాడు కదమ్మా" అన్నాడు. 800 కట్టాం, రసీదు లేదు. గది కుదుర్చుకునే ముందు పక్కన ఫంక్షన్ హాలుందేమో మ్యాపులో చూసుకోండి. నోటిమాట నమ్మొద్దు.

ఆ రాత్రి అత్తయ్యే అన్నారు, "వాడు వచ్చింది గడియారం కోసం. చూడకుండా ఎట్లా పోతాం?"

సోమవారం పదింటికి తలుపులు తీయగానే లోపలికెళ్లాం. (శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి.) ఈసారి వాడి చెవులకి చప్పుడు తగ్గించే ఇయర్‌మఫ్స్ పెట్టాను. కొని ఆర్నెల్లయింది, 1,150 రూపాయలు. ఆదివారం వాటిని లాడ్జిలోనే వదిలేసి వెళ్లినందుకు నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు. గడియారం ముందు పదిమంది కూడా లేరు. క్షణానికోసారి సుత్తి దెబ్బ వేసే కమ్మరి బొమ్మని ముప్పావుగంట కదలకుండా చూశాడు. మా ఆయన వాడి పక్కనే కూర్చున్నారు.

పదకొండు కొట్టింది. ఒక్కో దెబ్బకి ఒక్కో వేలు మడిచాడు. పదితో వేళ్లు అయిపోయాయి. పదకొండో దెబ్బకి అత్తయ్య చెయ్యి లాక్కుని, చిటికెన వేలు మడిచాడు.