ఫైటర్, క్లెరిక్, రోగ్, విజార్డ్: చాలాకాలం ఆడాక ఈ నలుగురి జట్టు మీద నా మాట

డన్జన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ తలా ఒక పాత్రగా ఆడే ఆట) మొదలుపెట్టే ప్రతి గ్రూపుకీ ముందుగా దొరికే సలహా ఒకటే. ఒక ఫైటర్ (యోధుడు), ఒక క్లెరిక్ (దైవశక్తితో నయం చేసే పూజారి), ఒక రోగ్ (దొంగ), ఒక విజార్డ్ (మాంత్రికుడు) ఉంటే చాలు, ఇక దిగులు లేదని. 1974లో ఆట వచ్చినప్పుడు క్లాసులు, అంటే పాత్రల రకాలు, మూడే: ఫైటింగ్ మ్యాన్, మ్యాజిక్ యూజర్, క్లెరిక్. మరుసటి ఏడాది దొంగ వచ్చి చేరాడు. ఆ నలుగురి మాట ఇప్పటికీ చెల్లుతూనే ఉంది. ఐదో ఎడిషన్ 2014 రూల్స్‌తో, ఎక్కువగా కింది లెవెల్స్‌లో ఆడి చూశాక నా అభిప్రాయం ఇది: జట్టు మంచిదే, కానీ దాన్ని మెచ్చుకునే కారణాలే తప్పు. హీలర్ ఉన్నాడన్న ధీమాతో దిగేవాళ్లు ముందు వరసలో ఉన్న చిల్లును చూసుకోరు.

లెక్క వేసి చూడండి. చైన్ మెయిల్‌కి 16, డాలుకి 2, ఫైటర్ ఏసీ (దెబ్బ తగలాలంటే శత్రువు చేరాల్సిన అంకె) 18. ఓగర్ అనే రాక్షసుడి దాడి బోనస్ (పాచికకు కలిపే అంకె) +6, తగిలితే సగటు డ్యామేజ్ 13. ఫైటర్‌కి తగలాలంటే డి20 (ఇరవై ముఖాల పాచిక) మీద కనీసం 12 పడాలి, అంటే 45 శాతం. డెక్స్టెరిటీ (చురుకు) 14 ఉండి మేజ్ ఆర్మర్ (రక్షణ మంత్రం) వేసుకోని విజార్డ్‌కైతే 6 పడితే చాలు, 75 శాతం. మూడో లెవెల్లో, కాన్‌స్టిట్యూషన్ 14తో ఆ విజార్డ్‌కి ఉండేది 20 హిట్ పాయింట్లు (ప్రాణబలం). రెండు దెబ్బలు పడితే నేల మీద ఉంటాడు.

కాబట్టి ఓగర్ ఫైటర్ మీదే పడాలి. కానీ పడి తీరాలని రూల్స్‌లో ఎక్కడా లేదు. పక్క నుంచి దాటిపోయేవాణ్ని కొట్టే ఆపర్చునిటీ అటాక్‌కి రియాక్షన్ (ఇతరుల వంతులో చేసే ఎదురు చర్య) ఖర్చవుతుంది, అది రౌండుకి ఒక్కటే. నలుగురు గోబ్లిన్లు పక్కనుంచి విజార్డ్ మీదికి పరిగెత్తితే ఒకణ్ని కొట్టగలరు. అసలు గోబ్లిన్లు బోనస్ యాక్షన్‌తోనే (మామూలు యాక్షన్‌కి అదనంగా దొరికే చిన్న చర్య) డిసెంగేజ్ చేస్తాయి (దెబ్బ పడకుండా తప్పుకుంటాయి) గనక ఆ ఒక్కడూ తప్పించుకుంటాడు. ఐదడుగుల గుమ్మంలో నిలబడితే ఒక్క ఫైటర్ గోడే. బయలు ప్రదేశంలో మాత్రం గుంజ. పదడుగుల నడవా మూయాలంటే ఇద్దరు కావాలి.

ఆ రెండోవాడు జట్టులోనే ఉన్నాడు, క్లెరిక్. లైఫ్, వార్, టెంపెస్ట్, నేచర్ డొమైన్లలో (క్లెరిక్ ఎంచుకునే దైవ శాఖల్లో) ఏది తీసుకున్నా హెవీ ఆర్మర్ వస్తుంది. చైన్ మెయిల్‌కి స్ట్రెంగ్త్ 13 కావాలి, లేకపోతే నడక 10 అడుగులు తగ్గుతుంది. అందుకని పాయింట్లు పంచేటప్పుడు విజ్డమ్ తర్వాత స్ట్రెంగ్త్, కాన్‌స్టిట్యూషన్ చూసుకుని డెక్స్టెరిటీని వదిలేయడమే మేలు. లైట్, నాలెడ్జ్ డొమైన్ల క్లెరిక్ వెనకే నిలబడతాడు. అలాంటివాణ్ని తెచ్చుకుంటే ముందుకు ఇంకెవరో రావాలి, అది సాధారణంగా రోగ్ నెత్తిన పడుతుంది. 2024 రూల్స్‌లో డొమైన్ మూడో లెవెల్లో వస్తుంది కానీ, ఒకటో లెవెల్లోనే ప్రొటెక్టర్ ఎంచుకుంటే హెవీ ఆర్మర్ దొరుకుతుంది.

ఫైటర్ విల్లు పట్టుకుంటే మరో చిక్కు. రోగ్ స్నీక్ అటాక్ (అదనపు డ్యామేజ్ ఇచ్చే చాటు దెబ్బ) పడాలంటే అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకునే వీలు) ఉండాలి, లేదా శత్రువుకి ఐదడుగుల లోపల మనవాడొకడు నిలబడి ఉండాలి. ఎదురుగా నిలిచేవాడే లేకపోతే రోగ్ ప్రతి రౌండూ దాక్కునే చోటు వెతుక్కోవాలి. జట్టులో ఇద్దరు విలుకాళ్లు అనగానే బలంగానే వినిపిస్తుంది. ఆడితే తెలుస్తుంది.

ఇక హీలింగ్. దీని మీద ఉన్నన్ని అపోహలు ఇంక దేనిమీదా లేవు. విజ్డమ్ 16 ఉన్న క్లెరిక్ ఒకటో లెవెల్ స్లాట్‌తో (రోజుకి ఇన్నేనని ఉండే మంత్రాల కోటా) క్యూర్ వూండ్స్ అనే నయం చేసే స్పెల్ (మంత్రం) వేస్తే సగటున ఏడున్నర పాయింట్లు. అదే ఓగర్ దెబ్బ 13. యాక్షన్ మొత్తం ఖర్చు పెట్టినా దెబ్బలో సగానికి మించి పెద్దగా పూడదన్నమాట. పోరాటం మధ్యలో హీలింగ్ అంటే సున్నాకి పడినవాణ్ని లేపడమే. దానికి హీలింగ్ వర్డ్ చాలు: బోనస్ యాక్షన్, 60 అడుగుల దూరం, సగటున ఐదున్నర. అదే టర్న్‌లో యాక్షన్‌తో ఆయుధం ఎత్తవచ్చు, లేదా సేక్రెడ్ ఫ్లేమ్ లాంటి క్యాంట్రిప్ (స్లాట్ అక్కర్లేని చిన్న మంత్రం) వేయవచ్చు. రెండో పెద్ద స్పెల్ మాత్రం కుదరదు. 2024లో ఈ రెండు స్పెల్స్‌కీ పాచికలు రెట్టింపయ్యాయి కాబట్టి అక్కడ క్యూర్ వూండ్స్ మరీ దండగ కాదు.

పడినవాణ్ని లేపడం ఎందుకంత తొందర అంటే, స్పృహ లేనివాణ్ని ఐదడుగుల లోపలి నుంచి కొట్టి తగిలితే అది క్రిటికలే, క్రిటికల్‌కి రెండు డెత్ సేవ్ (ప్రాణం నిలుస్తుందా అని వేసే పాచిక) ఫెయిల్యూర్లు. మూడైతే ప్రాణం పోయినట్టే. క్లెరిక్ కూడా పడిపోయే రోజు కోసం ఐదు బంగారు నాణేల హీలర్స్ కిట్ ఒకటి ఫైటర్ సంచిలో వేయండి. పదిసార్లు వాడొచ్చు, రోల్ అక్కర్లేకుండా మనిషి స్టేబుల్ అవుతాడు (చావు అంచు నుంచి బయటపడతాడు). ఐదో లెవెల్ నుంచి రివివిఫై (చనిపోయినవాణ్ని లేపే స్పెల్) దొరుకుతుంది, కానీ దానికి 300 నాణేల వజ్రం కావాలి. వజ్రం ముందే కొనిపెట్టుకోని జట్లే ఎక్కువ. చనిపోయిన నిమిషం లోపల వేయాల్సిన స్పెల్‌కి అంగడికి వెళ్లొచ్చే టైం ఎక్కడిది?

క్లెరిక్ నిజంగా పనికొచ్చేది బ్లెస్‌లో. ముగ్గురికి ప్రతి దాడికీ, ప్రతి సేవ్‌కీ (ప్రమాదం తప్పించుకోవడానికి వేసే పాచిక) డి4 (నాలుగు ముఖాల పాచిక) కలుస్తుంది. ఐదో లెవెల్ నుంచి స్పిరిట్ గార్డియన్స్, చుట్టూ 15 అడుగుల్లో 3డి8 (మూడు ఎనిమిది ముఖాల పాచికల) డ్యామేజ్. దానికి గుంపు మధ్యలో నిలబడాలి, అందుకే ఆ హెవీ ఆర్మర్. రెండూ కాన్‌సంట్రేషన్ (ఏకాగ్రత నిలిపి ఉంచాల్సిన) స్పెల్సే, కాబట్టి ఒకసారికి ఒకటే. దెబ్బ తగిలిన ప్రతిసారీ డిసి (పాచికతో చేరాల్సిన అంకె) 10 లేదా డ్యామేజ్‌లో సగం, ఏది ఎక్కువైతే దానికి కాన్‌స్టిట్యూషన్ సేవ్ వేయాలి. ఈ సేవ్‌లో క్లెరిక్‌కీ లేదు, విజార్డ్‌కీ లేదు ప్రొఫిషెన్సీ (నైపుణ్య బోనస్). కాన్‌స్టిట్యూషన్ 14తో డిసి 10 అంటే దెబ్బకి 35 శాతం స్పెల్ పోయే అవకాశం. ఫీట్లు (అదనపు ప్రత్యేక సామర్థ్యాలు) ఒప్పుకునే డీఎం (ఆట నడిపే వ్యక్తి) అయితే మొదట్లో 13 పెట్టుకుని, నాలుగో లెవెల్లో రెజిలియంట్ తీసుకోండి. అంకె 14 అవుతుంది, ప్రొఫిషెన్సీ కూడా వస్తుంది.

ఈ జట్టులో మాట్లాడేవాడు లేడు. నలుగురిలో ఎవరికీ కరిస్మా (మాటతో ఆకట్టుకునే శక్తి) ముఖ్యం కాదు. పర్సుయేషన్ అవసరమైన చోటల్లా రోగ్ వైపు చూడటం అలవాటవుతుంది. అలాగైతే రోగ్‌కి కరిస్మా 14 పెట్టి, ఒకటో లెవెల్లో వచ్చే రెండు ఎక్స్‌పర్టైజ్‌లలో ఒకటి పర్సుయేషన్‌కి, ఒకటి స్టెల్త్‌కి ఇవ్వండి. లేదా ఫైటర్ బదులు పాలడిన్ (దైవశక్తి ఉన్న యోధుడు): ముందు నిలబడతాడు, మాట్లాడతాడు, లెవెల్‌కి ఐదు చొప్పున చేత్తో నయం చేస్తాడు. ఆరో లెవెల్లో తన కరిస్మా బోనస్‌ను పదడుగుల్లోని మనవాళ్లందరి సేవ్స్‌కీ కలుపుతాడు. నలుగురిలో ఒక్కణ్ని మార్చమంటే నేను మార్చేది ఫైటర్‌నే.

జట్టు బాగున్నా ఆట తేడాగా అనిపిస్తే విశ్రాంతి లెక్క చూడండి. ఫైటర్ సెకండ్ విండ్ (కొంత ప్రాణబలం తిరిగి పొందడం), యాక్షన్ సర్జ్ (అదనంగా ఒక యాక్షన్) గంటసేపు షార్ట్ రెస్ట్ తీసుకుంటే తిరిగొస్తాయి. విజార్డ్ స్లాట్లకు దాదాపు అన్నిటికీ లాంగ్ రెస్ట్ (రాత్రంతా విశ్రాంతి) కావాలి. రోగ్‌కి ఏదీ అక్కర్లేదు. 2014 రూల్స్ రోజుకి ఆరు నుంచి ఎనిమిది ఎన్‌కౌంటర్లు, మధ్యలో రెండు షార్ట్ రెస్టులు ఊహించి రాశారు. డీఎం రోజుకొక్క పోరాటం పెడితే విజార్డ్ ఉన్న స్లాట్లన్నీ అందులోనే కుమ్మరిస్తాడు, ఫైటర్ చేతులు కట్టుకుని చూడాలి. ఇది క్లాసు మార్చితే పోయేది కాదు, డీఎంతోనే మాట్లాడుకోవాలి.

ఆడేది ముగ్గురే అయితే విజార్డ్‌ని వదలండి: పాలడిన్, హెవీ ఆర్మర్ క్లెరిక్, రోగ్. గుంపుల మీద ఫైర్‌బాల్ ఉండదు, దానికి తగ్గట్టు గుంపులతో బయల్లో తలపడకండి. ఐదో మనిషి వస్తే రెండో హీలర్‌ని కాదు, ముందు వరసలో నిలబడే ఇంకొకణ్ని తీసుకోండి.