మా ఆసుపత్రి ఎస్టీపీ, నాలుగు రంగుల డబ్బాలు: ఎనిమిదేళ్లు వాడాక నా అభిప్రాయం

మాది 120 పడకల ఆసుపత్రి. నేను మెయింటెనెన్స్ చూస్తాను. డాక్టర్ని కాదు, పర్యావరణం చదివిన ఇంజనీర్ని అసలే కాదు. 2017లో ఎస్టీపీ, అంటే మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంటు, పెట్టించినప్పుడు కంపెనీ నుంచి వచ్చినాయన "సార్, అంతా ఆటోమేటిక్, స్విచ్ వేసి మర్చిపోండి" అని చెప్పి వెళ్లాడు. ఆ మాట నమ్మి మొదటి రెండేళ్లు నేను పడ్డ టెన్షన్ ఇంకొకరు పడకుండా ఉంటారని ఇది రాస్తున్నాను. కంపెనీ పేరు అడగొద్దు, చెప్పను. ఎందుకంటే ఎనిమిదేళ్లలో నాకు వచ్చిన ఇబ్బందుల్లో ముప్పాతిక వంతు ప్లాంటుది కాదు, మాదే.

మా దగ్గర ఉన్నది రోజుకు 60 కిలోలీటర్లు, అంటే 60 వేల లీటర్లు, శుద్ధిచేసే ఎంబీబీఆర్ రకం (తేలే ప్లాస్టిక్ బిళ్లల మీద బ్యాక్టీరియాను పెంచే రకం) ఎస్టీపీ. వంద పడకలు దాటిన ఆసుపత్రికి పడకకు రోజుకు 450 లీటర్ల నీళ్లు అని లెక్క వేస్తారు కాబట్టి 54 వేల లీటర్లు, పైన కాస్త వెసులుబాటు, అలా 60 వచ్చింది. ల్యాబు, ఆపరేషన్ థియేటర్, లాండ్రీ నీళ్లకు విడిగా ఒక చిన్న ఈటీపీ (రసాయనాలు కలిసిన నీళ్లను ముందుగా శుద్ధిచేసే ప్లాంటు) ఉంది, అందులో శుద్ధయ్యాకే అవి ఎస్టీపీలోకి వస్తాయి. ఇది కాక ఆసుపత్రి చెత్తను వేరుచేసే పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాల వ్యవహారం మొత్తం నా నెత్తిమీదే.

లెక్క కాగితం మీద బాగానే ఉంది. కానీ మొదటి ఏడాది మాకు నలభై యాభై పడకలకు మించి నిండలేదు. ప్లాంటులో పనిచేసేది మోటార్లు కాదు, బ్యాక్టీరియా. గాలి పంపే ఎయిరేషన్ ట్యాంకులో తేలే ప్లాస్టిక్ బిళ్లల మీద అవి పాకుడులా పట్టుకుని, మురుగును తిని బతుకుతాయి. తిండి సగమే వస్తే అవీ సగమే ఉంటాయి, ఆ పైన ఒక రోజు ఉన్నట్టుండి మురుగు ఎక్కువ వస్తే తట్టుకోలేవు. మొదట్లో పేడనీళ్లు, బెల్లం వేసి వాటిని పెంచాం. మా అకౌంట్స్ ఆయన ఆ బెల్లం బిల్లు చూసి క్యాంటీన్ ఖాతాలో రాసేశాడు, అది సరిచేయించడానికి నాకు ఒక పూట పట్టింది. ఇప్పుడు ఎవరైనా నన్నడిగితే, ఒకే పెద్ద ట్యాంకు కాకుండా సగం సగంగా రెండు వరసలు పెట్టించుకోమంటాను. పడకలు నిండేదాకా ఒకటి నడుపుకుంటే సరిపోతుంది.

అసలు కథ రెండో ఏడాది వేసవిలో మొదలైంది. ఎయిరేషన్ ట్యాంకు మీద తెల్లటి నురుగు, నీళ్లలో మురుగు వాసన, ఔట్‌లెట్ నీళ్లు బియ్యం కడిగినట్టు తెల్లగా. ల్యాబు రిపోర్టులో బీఓడీ (నీళ్లలో ఇంకా ఎంత మురుగు మిగిలిందో చెప్పే కొలత) 68 వచ్చింది. 2016 బయో మెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. అలాగే సీఓడీ (రసాయనాలతో కొలిచే మురుగు లెక్క) 250, సస్పెండెడ్ సాలిడ్స్ (నీళ్లలో కరగని నలకలు) 100, ఆయిల్ గ్రీజ్ 10 దాటకూడదు, పీహెచ్ (పులుపు, క్షారాల కొలత) 6.5 నుంచి 9 మధ్య ఉండాలి. ఇవన్నీ నాకు ఇప్పుడు ఫోన్ నంబర్లలా నోటికొచ్చేశాయి. కంపెనీవాళ్లు వచ్చి ట్యాంకులోకి గాలి కొట్టే బ్లోయర్ చూశారు, బాగుంది. ఆ గాలిని బుడగలుగా వదిలే డిఫ్యూజర్లు చూశారు, బాగున్నాయి. "బ్యాక్టీరియా చచ్చిపోయింది సార్, మళ్లీ వేద్దాం" అన్నారు. వేశాం. మూడు వారాలకు మళ్లీ చచ్చిపోయింది.

నాలుగు రాత్రులు ప్లాంటు దగ్గరే కూర్చున్నాను. మూడో రాత్రి రెండున్నర ప్రాంతంలో మురుగు లోపలికొచ్చే ఇన్‌లెట్ చాంబర్ మూత తీస్తే బ్లీచింగ్ వాసన గుప్పుమంది. పైకి వెళ్లి అంతస్తు అంతస్తూ తిరిగితే తేలిందేమిటంటే, రాత్రి షిఫ్టు హౌస్‌కీపింగ్ అమ్మాయిలు అన్ని వార్డుల హైపో (క్రిములను చంపే బ్లీచింగ్ ద్రవం) బకెట్లూ ఒకే టైముకి స్లూయిస్ సింకులో (వార్డు మురికినీళ్లు పారబోసే సింకులో) ఒంపేస్తున్నారు. అంతేకాదు, హైపోని కొలిచి కలపడమే లేదు, డబ్బా వంచి అందాజాగా పోసేయడమే. ఇన్‌ఫెక్షన్ ఉన్న ద్రవాలకు 1 నుంచి 2 శాతం సోడియం హైపోక్లోరైట్, ఇరవై నిమిషాలు అని రూల్. అందాజాగా పోస్తే 1 శాతం అవుతుందో, 5 శాతం అవుతుందో దేవుడికే తెలియాలి. పైన వార్డులో క్రిములను చంపే మందు కింద ట్యాంకులో మేం పెంచుకుంటున్న వాటిని వదిలిపెడుతుందా?

వాళ్లను తప్పుపట్టడానికి లేదు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు. నాకే తెలియదు కదా. అప్పటినుంచి మూడు పనులు చేశాం. ప్రతి స్లూయిస్ రూములో గీత గీసిన కొలత మగ్గు పెట్టాం. వాడేసిన హైపో నీళ్లు నేరుగా సింకులోకి కాకుండా ఈటీపీ పక్కనున్న హోల్డింగ్ ట్యాంకులోకి పోయేలా చేసి, మర్నాడు కొద్దికొద్దిగా వదలడం మొదలుపెట్టాం. మూడోది, ఫార్మసీలో గడువు తీరిన మందులు, ఫ్లోర్ క్లీనర్లు సింకులో పోయకుండా ఆపించాం. గడువు తీరిన మందులు పసుపు సంచిలోకి పోవాల్సినవని వాళ్లకూ తెలుసు, కానీ సీసా ఖాళీ చేసి నీలం డబ్బాలో వేయడం వాళ్లకు తేలిక అనిపించింది. నెల తిరక్కుండా బీఓడీ 22కి దిగింది, కొత్త మిషను ఒక్కటి కూడా కొనకుండానే.

ఇంకో చిత్రం చెప్పాలి. రూల్స్‌లో బయో అస్సే అని ఒక పరీక్ష ఉంటుంది. శుద్ధిచేసిన నీళ్లలో, ఏమీ కలపకుండా, చేపలు వేస్తారు. 96 గంటల తర్వాత నూటికి 90 బతికి ఉండాలి. శాంపిల్ తీసే రోజు మా ఆపరేటర్, పాపం మంచి ఉద్దేశంతోనే, క్లోరిన్ డోసింగ్ రెట్టింపు చేశాడు, క్రిములు ఒక్కటీ ఉండకూడదని. బీఓడీ పాసయింది, చేపలు ఫెయిలయ్యాయి. శాంపిల్ రోజు ప్లాంటును ముస్తాబు చేసే అలవాటు ఎక్కడైనా ఉంటే మానేయండి, ఏదో ఒకటి అటూ ఇటూ అవుతుంది. మేమైతే రోజూ గాజు సిలిండర్‌లో ఒక లీటరు ట్యాంకు నీళ్లు పట్టి అరగంటలో ఎంత బురద కిందకి దిగిందో చూసి పుస్తకంలో రాస్తాం. ఎంబీబీఆర్‌లో బ్యాక్టీరియా ఎక్కువగా బిళ్లల మీదే ఉంటుంది కాబట్టి ఇది పూర్తి లెక్క కాదు, తెలుసు. అయినా రంగు, వాసన, దిగే తీరు రోజూ చూస్తున్న కంటికి తేడా వెంటనే దొరుకుతుంది, ల్యాబు రిపోర్టు వచ్చేలోపే.

మిషన్ల గురించి రెండు ముక్కలు. బ్లోయర్ బంగారం, బేరింగులు రెండుసార్లు మార్చామంతే. కరెంటు పోతే బ్లోయర్‌కు జనరేటర్ కనెక్షన్ మొదట్లో ఇవ్వలేదు, అది మా తెలివితక్కువతనం, గాలి లేకుండా గంటలు గడిస్తే వాసన మూడో అంతస్తు దాకా పోతుంది. డిఫ్యూజర్ల రబ్బరు నాలుగో ఏటికి చిరిగింది. బిళ్లలు బయటికి పోకుండా ఆపే జల్లెడ కూడా ఒక మూల విరిగి, బిళ్లలు పంపులోకి పోయి అది ఇరుక్కుపోయింది. జల్లెడ స్టీలుదే పెట్టించుకోండి. నీళ్లను వడకట్టే శాండ్ ఫిల్టర్ గురించి చెప్పడానికేమీ లేదు, బ్యాక్‌వాష్ చేస్తుంటే (నీళ్లు వెనక్కి పంపి కడుగుతుంటే) నడుస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం నేను ఎవరిమాటా వినను. ట్యాంకులోకి మనిషిని దిగనివ్వను. ఆ పంపు ఇరుక్కున్న రోజు కాంట్రాక్టర్ తన కుర్రాణ్ణి "ఐదు నిమిషాల పనే" అని దింపబోయాడు. మురుగులో పుట్టే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియదు, మొదట పోయేది వాసన పసిగట్టే శక్తే. మురుగు ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనుషుల్ని దింపడం మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. పంపుకు గొలుసు, పైకి లాగే కప్పీ మొదటే పెట్టించుకుంటే ఈ గొడవే ఉండదు. మాకు లేదు, తర్వాత పెట్టించాం.

ఇక డబ్బాలు. కాగితం మీద ఇంత సులువైనది ఇంకొకటి లేదు. రక్తం అంటిన దూది, కట్లు పసుపు. సెలైన్ సెట్లు, గ్లవ్స్, సూది తీసేసిన సిరంజిలు ఎరుపు. సూదులు, బ్లేడ్లు చిల్లుపడని తెల్ల డబ్బా. గాజు నీలం. నర్సులను నిద్రలో లేపి అడిగినా చెప్తారు. తప్పు జరిగేది రాత్రి మూడింటికి, ఎమర్జెన్సీలో ఇద్దరు పేషెంట్లు ఒకేసారి వచ్చినప్పుడు, తెల్ల డబ్బా చేతికందే దూరంలో లేనప్పుడు. అలాంటి ఒక రాత్రి ఎరుపు సంచిలో పడ్డ సూది, పొద్దున సంచి మూతి కట్టే ఆయన అరచేతిలో దిగింది. ఆయనకు హెపటైటిస్ బి టీకా అప్పటికే వేయించి ఉన్నాం, టీకాలు తప్పనిసరి అని రూల్స్‌లోనే ఉంది. అయినా ఆ పరీక్షల ఫలితాలు వచ్చేదాకా ఆయన ఇంట్లోవాళ్ల ముఖాల్లోకి నేను చూడలేకపోయాను. అప్పుడు పోస్టర్లు ఇంకో పది అంటించమన్నారు పైవాళ్లు. నేను అంటించలేదు. ప్రతి ఇంజెక్షన్ ట్రాలీకి తెల్ల డబ్బా బిగించాను. ఆ తర్వాత ఎరుపు సంచిలో సూది కనపడడం దాదాపు ఆగిపోయింది.

చెత్త సంచులకు బార్‌కోడ్ స్టికర్ అంటించి స్కాన్ చేసే పద్ధతి నాకు నచ్చింది, తిట్టుకుంటూనే అయినా. నెట్ లేనప్పుడు స్కానర్ మొరాయిస్తుంది, స్టికర్ తడిస్తే చదవదు. కానీ ఏ వార్డు నుంచి ఎన్ని కిలోలు వెళ్లాయో నెలనెలా కనిపిస్తుంది. ఒక వార్డు పసుపు సంచి బరువు ఉన్నట్టుండి రెట్టింపైతే అక్కడ అన్నం పొట్లాలు, పూలదండలు కూడా అందులోనే వేస్తున్నారని అర్థం, వెళ్లి చూస్తే అదే. చెత్త తీసుకెళ్లే ఏజెన్సీ బండి మాత్రం వరుస సెలవులొస్తే రాదు. పసుపు సంచుల్లో రక్తం, శరీర భాగాల్లాంటివి 48 గంటలు దాటి ఉంచకూడదు, దాటితే కారణం రాసి పీసీబీకి (కాలుష్య నియంత్రణ మండలికి) తెలియజేయాలి. మొదటిసారి రాయడానికి మా మేనేజ్‌మెంట్ భయపడింది, మనమే మన తప్పు ఒప్పుకున్నట్టు ఉంటుందని. రాశాం. ఏమీ కాలేదు, పైగా ఆ తర్వాత బండి టైముకి రావడం మొదలైంది.

కాగితాల పని విసుగే. జూన్ 30 లోపు ఏడాది రిపోర్టు, ప్రమాదాల రిపోర్టు, సీఎఫ్ఓ (పీసీబీ ఇచ్చే నడుపుకునే అనుమతి) రెన్యువల్, ట్రైనింగ్ రిజిస్టర్, ఈటీపీ బురద ఎవరికి ఎంత ఇచ్చామో రసీదులు. 2020లో కోవిడ్ చెత్తకు రెండు పొరల సంచి, వేరే రిజిస్టర్, వేరే యాప్ కూడా తోడయ్యాయి. అప్పుడు పసుపు సంచుల గది సరిపోక సైకిల్ స్టాండు సగం మూసి వాడుకున్నాం.

ఎవరికి పనికొస్తుంది అంటే, రోజంతా దాన్నే చూసుకునే ఒక ఆపరేటర్ని పెట్టుకోగలిగితే ఎంబీబీఆర్ బాగా పనిచేస్తుంది. లిఫ్టు ఆపరేటర్‌నో, ఎలక్ట్రీషియన్‌నో "కాస్త అదీ చూడు" అంటే చూడడు. మా పాత ఎలక్ట్రీషియన్ ఆరు నెలలు రీడింగులు ఇంటి దగ్గర కూర్చుని రాసేశాడు. రోజూ పీహెచ్ 7.2 అని ఉంటే నాకు అనుమానం రావాల్సింది, రాలేదు. ఇప్పుడున్న ఆపరేటర్ పుస్తకంలో 6.9, 7.4, 7.1 అని వస్తుంటాయి, పక్కన "నురుగు, నాలుగో అంతస్తు అడిగాను" అని కూడా రాస్తాడు. పోయిన నెల డిఫ్యూజర్లు రెండోసారి మార్చాం. జల్లెడకు స్టీలుది ఆర్డర్ ఇచ్చాం, ఇంకా రాలేదు.