నిధి పట్టికలు ఎంతవరకు పనికొస్తాయి: 2014 డంజియన్ మాస్టర్స్ గైడ్ మీద దీర్ఘకాల సమీక్ష

పాత్రలు ధరించి, పాచికలు వేస్తూ ఆడే కథల ఆట డంజియన్స్ అండ్ డ్రాగన్స్. దాని ఐదో ఎడిషన్ కోసం 2014లో వచ్చిన డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో ఏడో అధ్యాయం నిధులకూ మాయా వస్తువులకూ కేటాయించారు. ఏళ్ళ తరబడి దాన్ని వాడిన మీదట చెబుతున్న మాట ఇది. ఆట మొత్తంలో ఎంత సంపద పంచాలో తేల్చుకోవడానికి ఈ పట్టికలను మించినవి లేవు. ఫలానా గుహలో ఏముండాలన్నది మాత్రం ఆట నడిపే డంజియన్ మాస్టర్ (డీఎం) సొంతంగా కట్టుకోవాల్సిందే.

శత్రు నాయకుడు ఎంత గట్టివాడో చెప్పే అంకెను, అంటే ఛాలెంజ్ రేటింగ్‌ని బట్టి నాలుగు పట్టికలున్నాయి: 0–4, 5–10, 11–16, 17 ఆపైన. నాణేలు ఎప్పుడూ వస్తాయి. ఆ తర్వాత ఒకటి నుంచి వంద దాకా అంకెలిచ్చే పాచికలు వేస్తే రత్నాలో కళాఖండాలో, వాటితో పాటు మాయా వస్తువులు ఏ పట్టిక నుంచి ఎన్ని తీయాలో తెలుస్తుంది. చాలామంది చదవకుండా దాటేసే వాక్యం ఒకటి ఇక్కడే ఉంది. పూర్తి క్యాంపెయిన్‌లో, అంటే మొదటి నుంచి చివరి దాకా సాగే కథలో, బృందానికి మొదటి పట్టిక నుంచి 7, రెండోదాని నుంచి 18, మూడోదాని నుంచి 12, నాలుగోదాని నుంచి 8 నిధులు అందుతాయన్నది ఆ వాక్యం. అధ్యాయం మొత్తంలో నాకు బాగా పనికొచ్చింది అదే. మొదటి రోజే ఈ 45 గళ్ళు ఒక కాగితం మీద గీసుకుని, నిధి ఇచ్చినప్పుడల్లా ఒకటి కొట్టేస్తూ పోతే ఎక్కడ ఎక్కువైందో ఎక్కడ తక్కువైందో కనబడుతూనే ఉంటుంది.

సగటు లెక్క కడితే పట్టికల అసలు లోపం బయటపడుతుంది. నాణేల విలువ బంగారంలో చెప్పాలంటే మొదటి పట్టికలో ఒక్కో నిధికి 196, రెండోదానిలో 3,857, మూడోదానిలో 31,500, నాలుగోదానిలో 3,22,000. అంటే రేటింగ్ 4 ఉన్న నాయకుణ్ణి దాటి 5 ఉన్నవాడి దగ్గరికి వెళ్ళగానే సొమ్ము ఒక్కసారిగా ఇరవై రెట్లవుతుంది. నిన్నటి దాకా తాడు కొనడానికి బేరమాడిన బృందం ఒక్క రాత్రిలో 1,500 బంగారు నాణేల ప్లేట్ కవచం కొనేస్తుంది. ఈ గట్టును నేను బృందం స్థాయిని (పాత్రల అనుభవంతో ఒకటి నుంచి ఇరవై దాకా పెరిగేది) బట్టి సాపు చేస్తాను: ఒక్కో నిధికి మూడో స్థాయిలో 300, నాలుగులో 600, ఐదులో 1,500, ఆరు నుంచి పట్టిక సగటు. మొదట్లో ఎక్కువ ఇచ్చిందీ ఐదులో తక్కువ ఇచ్చిందీ కూడి తీసి, తేడాను తొమ్మిది, పది స్థాయిల్లో సర్దుతాను. 45 నిధుల నాణేలన్నీ కలిపితే సుమారు 30 లక్షల బంగారు నాణేలు. అందులో 85 శాతం చివరి 8 నిధుల్లోనే ఉంది. కాబట్టి పదో స్థాయి దాటని ఆటకు ఈ సర్దుబాటు తప్ప వేరే మరమ్మతు అక్కర్లేదు.

బరువు సంగతి పుస్తకం పైపైనే వదిలేసింది. 50 నాణేలు ఒక పౌండు. మొదటి పట్టికలో సగటున 2,100 రాగి నాణేలు వస్తాయి: బరువు 42 పౌండ్లు, విలువ 21 బంగారు నాణేలు. వాటిని ఎవరూ మోయరు, మోసినా ఆట ముందుకు సాగదు. రెండో పట్టిక నాణేలు దాదాపు 198 పౌండ్లు, నాలుగోదానివి 1,400 పౌండ్లు, అంటే 635 కిలోలు. బలం 10 ఉన్న పాత్ర మోయగలిగేది 150 పౌండ్లు. బ్యాగ్ ఆఫ్ హోల్డింగ్ అనే మాయా సంచి 500 పౌండ్లకు మించి పట్టదు. అంతకు మించి కుక్కితే చిరిగిపోయి, లోపలున్నదంతా ఆస్ట్రల్ ప్లేన్ అనే వేరే లోకంలో చెల్లాచెదురవుతుంది. ఈ అంకెలు ముందే బల్ల మీద పెడితే ఏం తీసుకోవాలి, ఏం వదలాలి అన్న చర్చ దానంతటదే మొదలవుతుంది. నిధి దొరికాక జరిగే ఆటలో నాకు బాగా నచ్చే భాగం అది. బరువు పట్టించుకోని బృందానికైతే రాగి పూర్తిగా తీసేయండి, ఏమీ పోదు.

అందుకే రెండో పట్టిక సగటును, రత్నాలతో కలిపి సుమారు 4,500 బంగారు నాణేల విలువను, ఇలా విడగొడతాను. అడవిలో ఉండే యంగ్ గ్రీన్ డ్రాగన్, రేటింగ్ 8, దాని గూడు అనుకోండి. 1,000 బంగారు నాణేలు. 4,000 వెండి నాణేలు, విలువ 400. ఒక్కోటి 100 చేసే రత్నాలు పది. 250 చేసే కళాఖండాలు నాలుగు. 300 విలువైన వజ్రం ఒకటి. 250 పౌండ్ల మిరియాలు, పౌండు 2 చొప్పున 500. 20 పౌండ్ల కుంకుమపువ్వు, పౌండు 15 చొప్పున 300. మొత్తం సరిగ్గా 4,500. మిరియాల బస్తాలు చూడగానే ఈ డ్రాగన్ ఏ దారిలో వెళ్ళే వర్తకులను కొల్లగొట్టిందో ఆటగాళ్ళకు అర్థమవుతుంది. వాటిని ఊరికి చేర్చాలంటే బండి కావాలి, బండికి దారి కావాలి. ఆ వర్తకుల వారసులు వచ్చి సరుకు మాదే అంటే తర్వాతి కథ సిద్ధం. వజ్రం మాత్రం అమ్మరు, దాచుకుంటారు. చచ్చినవాళ్ళను బతికించే రివివిఫై మంత్రానికి 300 విలువైన వజ్రం ఖర్చవుతుంది, అలాంటిదే అయిన రైజ్ డెడ్‌కి 500ది కావాలి. ఒక్కో నిధిలో ఒక్క వజ్రం చాలు. మూడు పెడితే చావంటే భయం పోతుంది.

నిజంగా దొరికిన నిధులను చూస్తే ఈ పొందిక ఇంకా బాగా తెలుస్తుంది. 1992లో ఇంగ్లండ్‌లోని హాక్స్‌న్‌లో బయటపడిన రోమన్ నిధిలో 14,865 నాణేలున్నాయి: 569 బంగారువి, 24 కంచువి, తక్కినవన్నీ వెండివి. వాటితో పాటు వెండి చెంచాలు, మిరియాల పొడి పోసుకునే పాత్రలు, నగలు. అంతా ఓ చెక్కపెట్టెలో సర్ది పూడ్చారు. బంగారం కొంచెం, వెండి ఎక్కువ, చెంచాల వంటి ఇంటి సామాను ఇంకొంత. ఒక సంపన్న కుటుంబం కళ్ళముందు నిలబడడానికి అంతే చాలు.

మాయా వస్తువుల దగ్గర పట్టిక పనితీరు స్థాయిని బట్టి మారుతుంది. మొదటి పట్టికలో 36 దాకా ఏ అంకె పడినా మాయా వస్తువు ఉండదు. మాయా వస్తువు పడితే ఎక్కువసార్లు వెళ్ళేది వాటి విడి పట్టికల్లో ఎ, బి, సి లకే. పట్టిక ఎలో సగం గాయాలు మాన్పే హీలింగ్ పోషన్లే. చిన్న స్థాయిల్లో బృందానికి కావలసిందీ అదే కనుక అక్కడ పాచికలను నమ్మవచ్చు. పెద్ద వస్తువులుండే ఎఫ్, జి పట్టికల నుంచి తీసేటప్పుడు మాత్రం నమ్మకండి. బృందంలో ఎవరూ వాడని ఆయుధం పడిందంటే అది నేరుగా అంగడికి పోతుంది. పాచికకు ఒకటి కలిపే ప్లస్ వన్ ఆయుధం కత్తే కానక్కర్లేదు. ఎవరి చేతిలో ఏ ఆయుధం ఉందో చూసి రూపం మార్చండి. కొన్ని వస్తువులు పనిచేయాలంటే పాత్ర వాటిని తనతో ముడివేసుకోవాలి, అంటే అట్యూన్ చేసుకోవాలి. ఒక్కొక్కరూ అలా చేసుకోగలిగేది మూడే వస్తువులు. ఆ మూడూ నిండినవాళ్ళకు అలాంటి నాలుగోది ఇవ్వడం వృథా. 2017లో వచ్చిన జానాథర్స్ గైడ్ టు ఎవ్రీథింగ్ అనే అనుబంధ పుస్తకంలో వస్తువులను పెద్దవి, చిన్నవి అని విడదీసి స్థాయిలవారీగా లెక్క ఇచ్చారు. పాచికలు వేయకుండా ఎంచి ఇచ్చేవాళ్ళకు అది ఎక్కువ పనికొస్తుంది. ఇంకో మాట: వస్తువు శత్రువు చేతిలో పనికొచ్చేదైతే పెట్టెలో పెట్టకండి. వాడు దానితోనే పోరాడాలి.

ఆటగాళ్ళు వెతకని గోడ వెనకున్న నిధి దొరకదు. పుస్తకంలోని 45 మాత్రం దొరికినవాటి లెక్క. వాళ్ళు దాటి వెళ్ళిన ప్రతి నిధినీ కాగితం మీద గుండ్రం చుట్టి, దాని విలువను తర్వాతి రెండు నిధుల్లో సగం సగం కలపాలి. ఇది చేయకపోతే ఎనిమిదో స్థాయికల్లా బృందం బాగా వెనకబడిపోతుంది. అప్పుడు పోరాటాలు కష్టమవుతున్నాయని డీఎం శత్రువులను తగ్గించడం మొదలుపెడతాడు. జబ్బు ఒకచోట, మందు ఇంకోచోట.

సొమ్ము దేనికి ఖర్చుపెట్టాలి అన్నదానికి పుస్తకం ఇచ్చిన మంచి జవాబు కట్టడాలు. గిల్డ్ భవనం 5,000, 60 రోజులు. బురుజు 15,000, 100 రోజులు. చిన్న కోట 50,000, 400 రోజులు. మహా కోట 5,00,000, 1,200 రోజులు. నాలుగో పట్టిక నిధులకు ఇవి తప్ప సరైన గతి లేదు. పాత అడ్వాన్స్‌డ్ డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లోలాగా ఒక బంగారు నాణేనికి ఒక ఎక్స్‌పీ (స్థాయి పెరగడానికి కావలసిన అనుభవ పాయింటు) ఇస్తే సొమ్ముకు అర్థం వస్తుందని కొందరంటారు. ఆ పద్ధతి నాకూ ఇష్టమే, ఈ పట్టికలతో మాత్రం కుదరదు. మొదటి 7 నిధుల నాణేలు నలుగురికి పంచితే మనిషికి 343. ఐదో స్థాయికి కావలసింది 6,500 ఎక్స్‌పీ. చివరికి వచ్చేసరికి మనిషికి ఏడున్నర లక్షలు చేరతాయి, ఇరవయ్యో స్థాయికి 3,55,000 చాలు. మొదట చాలదు, చివర కావలసినదానికి రెండింతలవుతుంది. ఆ పద్ధతి కావాలంటే పట్టికలు మొత్తం తిరగరాయాలి.

ఈ గైడ్ 2024 సంచికలో నిధి పట్టికను బాగా కుదించారు. తయారీ వేగంగా అవుతుంది, చదవడానికి సులువు. ఇప్పుడే మొదలుపెట్టేవాళ్ళు దాన్నే తీసుకోండి. 2014 పుస్తకం చేతిలో ఉన్నవాళ్ళు ఈ ఒక్క అధ్యాయం కోసం కొత్తది కొననక్కర్లేదు. పైన చెప్పిన కాగితం, ఐదో స్థాయి దగ్గర సర్దుబాటు, రాగి తీసివేత, ఈ మూడూ చేసుకుంటే పాత పట్టికలే ఇరవయ్యో స్థాయి దాకా నడుస్తాయి.