ఇంకు డ్రమ్ముకి గాలి పంపు: ఆరేళ్లు వాడాక చెబుతున్నా

మాది తణుకు దగ్గర సంచులు ప్రింటు చేసే యూనిట్. బియ్యం సంచులు, భీమవరం వైపు వెళ్లే రొయ్యల మేత సంచులు. దాళ్వా ధాన్యం మిల్లులకు చేరే రోజుల్లో ఆర్డర్లు మీద పడతాయి, ఇంకు రూములో ఊపిరి ఆడదు. ఆరేళ్ల కిందటి వరకు 200 లీటర్ల డ్రమ్ముని స్టాండు మీద వాల్చి బకెట్లలో పట్టుకునేవాళ్లం. తర్వాత గాలితో నడిచే డయాఫ్రమ్ పంపు (లోపల వంగే పొర అటూ ఇటూ కదిలి ఇంకుని తోడేది) కొన్నారు, డ్రమ్ములోకి దిగే స్టీలు పైపుతో కలిపి. అప్పటినుంచి దాన్ని ఎక్కువగా నడిపింది నేనే.

పంపు మంచిదే. కొనాలా అని ఎవరడిగినా కొనమనే చెబుతాను. కానీ అమ్మడానికి వచ్చినాయన "కరెంటు లేదు కాబట్టి నిప్పురవ్వ భయమే లేదు" అన్నాడు చూడండి, ఆ మాట మాత్రం నమ్మకండి. మేం నమ్మాం. మా ఇంకులో ఇథైల్ ఎసిటేట్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్), టోలుయిన్ అనే మండే సాల్వెంట్లు ఉంటాయి. ఇథైల్ ఎసిటేట్ ఫ్లాష్ పాయింట్ (రవ్వ తగిలితే ఆవిరి అంటుకోవడం మొదలయ్యే వేడి) మైనస్ 4 డిగ్రీలు, అంటే మన గోదావరి జిల్లాల్లో పుష్యమాసం తెల్లవారుజామున కూడా దాని ఆవిరి అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది. పైగా ఆ ఆవిరి గాలికన్నా బరువు, పైకి పోదు, నేల వెంట పాకుతుంది. పంపులో కరెంటు లేకపోయినా పైపులో ఇంకు పరిగెడుతుంటే స్టాటిక్ చార్జ్ పుడుతూనే ఉంటుంది, అది పోవడానికి దారి లేకపోతే ఎక్కడో ఒకచోట రవ్వగా దూకుతుంది.

నేను కళ్లారా చూశాను. రెండో ఏడాది, రాత్రి షిఫ్టు. డ్రమ్ము నుంచి మిక్సింగ్ ట్యాంకుకి ఇంకు తోడుతున్నాం, ఎర్త్ క్లిప్పులు రెండు వైపులా పెట్టే ఉన్నాయి. గొట్టం చివరి స్టీలు నాజిల్ ట్యాంకు అంచుకి దగ్గరయ్యేసరికి చిటుక్కుమని సన్నటి నీలం గీత. అంటుకోలేదు, అది మా అదృష్టం అంతే. పొద్దున ఫిట్టర్ బాబాయ్ వచ్చి క్లిప్పు ఊడదీసి, నా చేతిని డ్రమ్ము అంచుకి ఆనించి చూపించారు. పెయింటు మీద రెండు పళ్ల గాట్లు పడ్డాయి, కింద ఇనుము ఎక్కడా కనబడటం లేదు. "అబ్బాయ్, ఇది రంగుని పట్టుకుంది గానీ ఇనుముని పట్టుకోలేదు" అన్నారు. ఆ రోజునుంచి డ్రమ్ము, పంపు, ట్యాంకు మూడూ ఒకదానికొకటి వైరుతో కలిపి, అక్కడినుంచి ఎర్త్‌కి వేస్తున్నాం. క్లిప్పు పెట్టేచోట కొత్త డ్రమ్ము వచ్చిన రోజే, ఇంకు రూము బయట, మూత తీయకముందే పెయింటు గీకి మెరిసే ఇనుము కనబడేదాకా తెస్తాం. వారానికోసారి ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూస్తాడు, 10 ఓంలు దాటితే క్లిప్పు మార్చేస్తాం. గొట్టం కూడా స్టాటిక్ పోయే రకమే ఉండాలి, మామూలు ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు. ప్లాస్టిక్ బకెట్ అయితే ఆ రూములోకే రానివ్వడం లేదు. ట్యాంకులో పైనుంచి ధార పోయకుండా పైపు అడుగుదాకా దించి, మొదట్లో నెమ్మదిగా తోడతాం.

గాలి ప్రెషర్ మేం 3, 4 కేజీలు (చదరపు సెంటీమీటరుకి) దాటనివ్వం. డయాఫ్రమ్ పంపులో గాలి ఎంత ఇస్తే ఇంకు వైపు కూడా దాదాపు అంతే ఉంటుంది. చిక్కటి పేస్టు ఇంకుకి వాడే పిస్టన్ పంపు అలా కాదు, గాలి ప్రెషర్‌ని ఎన్నో రెట్లు చేస్తుంది, ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చిన్న చుక్కలా కనబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

మా దాంతో నాకు జరిగింది వేరు. అవుట్‌లెట్ వాల్వు మూసి ఉంది, పంపు టకటక ఆగిపోయింది. షిఫ్టు మారే తొందరలో ఆగిందనుకుని గొట్టం కప్లింగ్ తిప్పాను. ఎర్ర ఇంకు మెడ మీద, చొక్కా మీద, కళ్లద్దాల మీద పడింది. అద్దాలు లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ టెన్షనే. పంపు ఆగడం అంటే రెండువైపులా ప్రెషర్ సమానమై బిగుసుకుని ఉండటం. ఇప్పుడు ముందు గాలి మూసేస్తాం, తర్వాత నాజిల్‌ని ఇనుప డబ్బాకి ఆనించి తెరుస్తాం, చుక్క రాదని చూశాకే పానా పడుతుంది. గాలి వైపు మామూలు బాల్ వాల్వు తీసేసి, మూయగానే పంపు పక్క మిగిలిన గాలిని బయటికి వదిలే రకం వేయించాం. కొనేటప్పుడే ఇది అడిగి వేయించుకోండి.

మన ప్రాంతంలో దీనికి అసలు శత్రువు గాలిలోని తేమ. పొద్దున్నే కంప్రెసర్ ట్యాంకు డ్రెయిన్ విప్పితే నీళ్లు ధార కడతాయి, ఒక్కరోజు మరిచిపోయినా పంపు నత్తి కొడుతుంది. రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో, పంపు వాడేసిన గాలి బయటికి పోయే సైలెన్సర్ మీద తెల్లగా మంచు పేరుకుంటుంది అంటే మొదట మా ఓనరు గారు నమ్మలేదు. గాలి ఒక్కసారిగా వ్యాకోచించి చల్లబడేసరికి అందులో తేమ గడ్డకట్టి దారి మూసేస్తుంది. డ్రయ్యర్ పెట్టాక ఆ బాధ తగ్గింది. ఎండాకాలంలో ఇంకో సంగతి, డ్రమ్ములు లోపల ఆవిరితో ఉబ్బుతాయి, మూత కొద్దిగా తిప్పి ఆగి, ఉస్సుమనే చప్పుడు అయ్యాక పూర్తిగా తీయాలి. తోడేటప్పుడు చిన్న మూత కూడా వదులు చేయకపోతే డ్రమ్ము లోపలికి నొక్కుకుపోతుంది.

డయాఫ్రమ్‌లు ఆరేళ్లలో మూడుసార్లు మార్చాం. మొదట వచ్చినవి నైట్రైల్ రబ్బరువి, ఎసిటేట్‌కి ఉబ్బి మెత్తబడ్డాయి. తర్వాత టెఫ్లాన్‌వి వేస్తే చక్కగా నిలబడ్డాయి, ఖరీదు ఎక్కువైనా. డయాఫ్రమ్ చిరిగితే సైలెన్సర్‌లోంచి ఇంకు తుంపర వస్తుంది, అందుకే ఎగ్జాస్ట్‌ని పైపు వేసి రూము బయటికి తీయించాం. మీరు పంపు కడిగే సాల్వెంట్‌లో మిథిలీన్ క్లోరైడ్ లాంటివి ఉంటే అల్యూమినియం బాడీ పంపు అసలు తీసుకోకండి. లోహంతో కలిసి లోపలే పేలే ప్రమాదం ఉంది, స్టీలుదే కొనండి.

స్పేర్ కిట్ పంపుతోపాటే తెప్పించుకోండి. మాకు ఒక సీజన్‌లో కిట్ రావడానికి పదకొండు రోజులు పట్టింది, ఆ పదకొండు రోజులూ మళ్లీ డ్రమ్ము వాల్చి పట్టుకున్నాం.