మంచంలో దొంగ అర చేయించుకునేవాళ్ళు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

నగలకి మంచం హెడ్ బోర్డులో దొంగ అర పెట్టిస్తామనే షాపులతో జాగ్రత్తండీ. మేం చేయించుకుని బాధపడుతున్నాం.

మాది కాకినాడ. అమ్మాయి పెళ్ళికని కొన్న బంగారం ఇంట్లో ఉంది, భయం వేసి ఎండాకాలంలో టేకు డబుల్ కాట్ చేయించాం. అరకి విడిగా 8,500 తీసుకున్నారు. "తాళం కన్నమే కనబడదమ్మా, మాగ్నెట్ తాళం. ఈ కీ లేకపోతే ఎవడి వల్లా కాదు" అన్నాడు షాపాయన. నమ్మాం.

శ్రావణమాసం ముసురు పట్టింది. వరలక్ష్మీ వ్రతం ముందురోజు రాత్రి కాసులపేరు తీద్దామంటే అర కదల్లేదు. ఫోన్ చేస్తే టేకు ఉబ్బదమ్మా అన్నాడు. ఉబ్బుతుందండీ. ఏ చెక్కయినా తేమ పీలిస్తే అడ్డంగా ఉబ్బుతుంది, టేకు కాస్త తక్కువ, అంతే. గీత కనబడకూడదని వెంట్రుకవాసి సందు కూడా వదలకుండా బిగించారు. మామూలు సొరుగైతే పిడి పట్టుకుని లాగుతాం, దీనికి పిడే లేదు. చివరికి మా ఇంటికి ఎప్పుడూ వచ్చే వడ్రంగి వెనకవైపు ప్లైవుడ్ ఊడదీసి నగలు తీశాడు. అంచులు చిత్రిక పట్టి, కొవ్వొత్తి మైనం రాసి మళ్ళీ బిగించాడు.

అప్పుడు చూపించాడు లోపల ఉన్న తాళం. తెల్ల ప్లాస్టిక్ కొక్కెం. పసిపిల్లలు వంటింటి అరలు లాగకుండా పెట్టుకుంటామే, అదే. తన సంచిలోంచి పాత స్పీకరు అయస్కాంతం తీసి చెక్క మీద నెమ్మదిగా జరిపాడు. ఒకచోట టక్కుమంది, అర ముందుకొచ్చింది. నా కాళ్ళు చల్లబడిపోయాయి. గట్టి అయస్కాంతం ఏదైనా దానికి తాళంచెవే.

ఇంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి. మంచం దింపిన రోజు షాపు కుర్రాడు ఫోన్లో వీడియో తీసుకున్నాడు. లెక్క కోసమేమో అనుకున్నాం. మొన్న మా మరదలు చూపించింది, షాపు వాళ్ళ పేజీలో మా మంచం! అమ్మాయి ఎంచుకున్న నెమలి చెక్కడం, మా కిటికీ కర్టెన్లు, కీ ఎక్కడ ఆనిస్తే అర తెరుచుకుంటుందో దగ్గరగా చూపిస్తున్నారు. మా వీధిలో ఎవరు చూసినా గుర్తుపడతారు.

కాబట్టి చేయించుకోవాలనే ఉంటే తెలిసిన వడ్రంగితో, మీ ఇంట్లోనే, మీ కళ్ళముందు చేయించుకోండి. తేమకి సందు వదలమనండి. తాళం మొరాయిస్తే చెక్క పగలగొట్టకుండా తీసే దారి ముందే చూపించమనండి. కార్డుతో తెరిచే బ్యాటరీ తాళమైతే, లోపల బ్యాటరీ అయిపోతే బయటి నుంచి కరెంటు అందించే ఏర్పాటు ఉందో లేదో అడగండి. షాపులోనే చేయిస్తే ఫోటోలు, వీడియోలు తీయబోమని బిల్లు మీద రాయించుకోండి. నేను అడగలేదు.

అసలు అరలో కాగితాలో, అవసరానికి కాస్త డబ్బో పెట్టుకోండి గానీ, బంగారం వద్దు. మేం బ్యాంకు లాకర్ తీసుకున్నాం. 2022 జనవరి నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది, బ్యాంకు తప్పు వల్ల లాకర్లో దొంగతనం జరిగితే ఏడాది అద్దెకి 100 రెట్ల వరకూ వాళ్ళు కట్టాలి. మంచానికి ఆ పూచీ ఎవరిస్తారు?

షాపాయన డబ్బు తిరిగివ్వనన్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాం. వీడియో తీసేయమని మూడుసార్లు అడిగాం, ఈ ఉదయానికి ఇంకా అక్కడే ఉంది.