39లో మొదలుపెట్టిన ఐవీఎఫ్, నాలుగేళ్ళ తర్వాత నా రివ్యూ

నాకు 38లో పెళ్ళయింది. నాన్నకి పక్షవాతం వచ్చి ఎనిమిదేళ్ళు మంచంలో ఉన్నారు, ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు అయ్యేదాకా నా పెళ్ళి మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మాది విజయవాడ. మా ఆయన నాకంటే మూడేళ్ళు పెద్ద. ఇప్పుడు నాకు 43. ఈ నాలుగేళ్ళలో మూడు ఎగ్ పికప్‌లు (అండాలు బయటికి తీయడం), రెండు ట్రాన్స్‌ఫర్‌లు (పిండాన్ని గర్భసంచిలో పెట్టడం), ఒక అబార్షన్, మొత్తం ఖర్చు 9 లక్షలు దాటింది. మా ఇన్సూరెన్స్ పాలసీలో ఇందులో రూపాయి కూడా రాలేదు. నాలాగా లేట్‌గా మొదలుపెట్టేవాళ్ళకి ముందే తెలిస్తే బాగుండు అనిపించినవి రాస్తున్నా.

మొదటి పది నెలలు మేము పోగొట్టుకున్నాం, దీని మీద నాకు ఇప్పటికీ బాధ, కోపం రెండూ ఉన్నాయి. ఇంటికి దగ్గర అని ఒక ఆస్పత్రికి వెళ్ళాం, అక్కడ ఏడు నెలలు టాబ్లెట్లు వేసి, స్కాన్ చేసి, ఫలానా రోజుల్లో కలవండి అని పంపించేవాళ్ళు. అన్ని నెలల్లో ఒక్కసారి కూడా మా ఆయనకి సెమెన్ టెస్ట్ రాయలేదు, నాకు అండాల నిల్వ చెప్పే ఏఎంహెచ్ రక్తపరీక్ష రాయలేదు. తర్వాత మూడు ఐయూఐలు (వీర్యాన్ని గర్భసంచిలోకి ఎక్కించడం) చేశారు, అప్పుడు శాంపిల్ చూసి వీర్యకణాల కదలిక తక్కువగా ఉంది అన్నారు. ఏఎంహెచ్ నేనే అడిగి చేయించుకుంటే 0.7 వచ్చింది. అంటే అండాల నిల్వ బాగా తగ్గిపోయిందని. 25 ఏళ్ళ అమ్మాయికి పది నెలలు పోతే పోయాయి అనుకోవచ్చు, 39లో పది నెలలంటే చాలా ఎక్కువ. అందుకే చెప్తున్నా, 35 దాటినవాళ్ళు ఆరు నెలలు చూసి డాక్టర్ దగ్గరికి వెళ్ళిపోండి, మొదటి వారంలోనే ఇద్దరి టెస్టులూ అడిగి మరీ చేయించుకోండి. ఆయన టెస్ట్‌కి సూది కూడా అక్కర్లేదు, అయినా మనిళ్ళల్లో అదే ఆఖరికి చేయిస్తారు.

తర్వాత హైదరాబాద్ వెళ్ళాం. పొద్దున్నే శాతవాహన ఎక్కితే మధ్యాహ్నానికి సికింద్రాబాద్, అక్కణ్ణించి కూకట్‌పల్లిలో మా ఆడపడుచు ఇల్లు. అండాలు పెరగడానికి చేసే స్టిమ్యులేషన్ ఇంజక్షన్లు పది పదకొండు రోజులు ఉంటాయి, మధ్యలో రెండు మూడు రోజులకోసారి స్కాన్, కాబట్టి ఊరి నుంచి తిరగడం కుదరదు, ఉండటానికి చోటు ముందే చూసుకోవాలి. ఆ వదిన రుణం నేను తీర్చుకోలేను, మూడుసార్లూ తన బెడ్‌రూమ్ నాకిచ్చి తను హాల్లో పడుకుంది. పెన్ ఇంజక్షన్ గురించి భయపడకండి, సన్న సూది, పొట్ట మీద మనమే చేసుకోవచ్చు, రెండో రోజుకే అలవాటైపోయింది. ఫ్రిజ్‌లో ఉంచమన్నారు కదా అని నేరుగా ఐస్ మీద మాత్రం పెట్టొద్దు, గడ్డ కడితే మందు పనికిరాదు. నేను ట్రైన్‌లో చిన్న టవల్ చుట్టి ఐస్ ప్యాక్‌ల డబ్బాలో పెట్టుకునేదాన్ని. అండాలు పక్వానికి రావడానికి ఆఖర్న చేసే ట్రిగ్గర్ ఇంజక్షన్ టైమ్ మాత్రం నిమిషం అటూ ఇటూ కాకూడదు, రాత్రి పదిన్నరకి అంటే పదిన్నరకే, దాన్నించి 35 గంటలు లెక్కేసి పికప్ పెడతారు. పికప్ మత్తులోనే చేస్తారు, లేచాక నెలసరి నొప్పిలాగా ఉంటుంది అంతే.

ఇప్పుడు అసలు సంగతి. మెట్టు మెట్టుకీ సంఖ్య తగ్గిపోతుంది, ఇది ముందు మాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. మొదటిసారి స్కాన్‌లో ఆరు ఫాలికిల్స్ (అండాలు పెరిగే సంచులు) కనపడ్డాయి, ఆరు అనగానే మేమిద్దరం లెక్కలు వేసేసుకున్నాం. ఎగ్స్ వచ్చింది నాలుగు, పక్వానికి వచ్చినవి మూడు, ఇక్సీ (అండంలోకి సూదితో వీర్యకణాన్ని పెట్టడం) చేశాక ఫర్టిలైజ్ అయినవి రెండు, ఐదో రోజుకి ఒక్కటీ మిగల్లేదు. ఆ ఫోన్ వచ్చినప్పుడు వదిన వంటింట్లో నాకోసం ములక్కాడల పులుసు పెడుతోంది, ఆ వాసన ఇప్పటికీ నాకు పడదు. రెండోసారి ఐదు ఎగ్స్, రెండు బ్లాస్టోసిస్ట్‌లు (ఐదో రోజుదాకా పెరిగిన పిండాలు). మూడోసారి మూడు ఎగ్స్, ఒక్క బ్లాస్టోసిస్ట్. మొత్తం పన్నెండు ఎగ్స్‌కి మూడు. డాక్టర్ మేడమ్ చెప్పింది ఏంటంటే వయసు పెరిగేకొద్దీ అండాల్లో క్రోమోజోముల తేడాలు ఎక్కువవుతాయి, ఐవీఎఫ్ ఆ వయసుని వెనక్కి తిప్పలేదు, ఉన్న అండాలని బయటికి తీసి కలపగలదు అంతే అని. ఈ ఒక్క మాట మొదటి ఆస్పత్రిలో చెప్పి ఉంటే మా దారే వేరేగా ఉండేది.

అందుకని గోడ మీద రాసిన సక్సెస్ రేటు చూసి వెళ్ళొద్దు. చాలాచోట్ల టెస్ట్ పాజిటివ్ వస్తే చాలు సక్సెస్ కింద రాసుకుంటారు, అలా అయితే నేనూ వాళ్ళ లెక్కలో సక్సెసే. మీరు అడగాల్సింది ఒకటే, నా వయసు వాళ్ళలో, సొంత ఎగ్స్‌తో, బిడ్డని ఎత్తుకుని ఇంటికెళ్ళినవాళ్ళు ఎంతమంది అని. ఎంబ్రియో (పిండం) గ్రేడ్‌లు, ల్యాబ్ రిపోర్టులు అన్నీ కాగితం మీద తీసుకోండి. ఇలాంటి చికిత్సల మీద 2021లో ఏఆర్‌టీ చట్టం వచ్చాక క్లినిక్‌లకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, లెవెల్ 1 అంటే ఐయూఐ వరకే, ఐవీఎఫ్ చేయాలంటే లెవెల్ 2 ఉండాలి, ఆ సర్టిఫికెట్ చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు.

మొదటి ట్రాన్స్‌ఫర్‌కి బీటా (గర్భం వచ్చిందో లేదో చెప్పే రక్తపరీక్ష) పాజిటివ్ వచ్చింది. మా అత్తయ్య మోపిదేవి వెళ్ళి పుట్టలో పాలు పోసి వచ్చారు. ఎనిమిదో వారం స్కాన్‌లో హార్ట్ బీట్ లేదు. దీని గురించి ఇంకేం రాయలేను.

నొప్పి విషయంలో అయితే అన్నిటికన్నా కష్టం గర్భం నిలబడటానికి చేసే ప్రొజెస్టెరాన్ నూనె ఇంజక్షన్లు. రోజూ తుంటికి, లావు సూది, చిక్కటి మందు. మా వీధి ఆర్ఎంపీ గారు రోజూ సాయంత్రం ఏడింటికి వచ్చి చేసేవారు, పండగ రోజు కూడా మానలేదు. సీసాని అరచేతుల మధ్య కాసేపు రుద్ది వెచ్చబెట్టడం, చేశాక కాపడం పెట్టి ఇంట్లోనే కాసేపు నడవడం, ఈ రెండూ చేశాక గడ్డలు తగ్గాయి. ట్రాన్స్‌ఫర్ అయ్యాక మంచం దిగకూడదని మా వాళ్ళందరూ పట్టుబట్టారు, మేడమ్ మాత్రం మామూలుగా తిరుగు, బరువులు ఎత్తకు చాలు అన్నారు. మొదటిసారి మంచం మీదే ఉన్నా, రెండోసారి తిరిగా, రెండోసారి బీటా నెగటివ్ వస్తే తిరగడం వల్లే అని అన్నారు. అందువల్ల కాదు. ఈ మాట పడుతున్న ప్రతి అమ్మాయికీ నేను గట్టిగా చెప్తున్నా, నువ్వు నడవడం వల్ల పోలేదు.

ఇంకో మాట. 2019లో గుంటూరులో డెబ్బై దాటిన ఆవిడకి కవలపిల్లలు పుట్టారు కదా, నీకేం నలభైయే కదా అని నాకు కనీసం ఇరవైమంది చెప్పుంటారు. ఆవిడకి వాడింది డోనార్ ఎగ్స్, అంటే వేరే అమ్మాయి అండాలు అని వాళ్ళలో ఒక్కరికీ తెలీదు. గర్భసంచి వయసు వేరు, అండం వయసు వేరు. ఇప్పుడైతే చట్టం ప్రకారం ఆడవాళ్ళకి 50, మగవాళ్ళకి 55 వరకే చేస్తారు. డోనార్ గురించి మాకూ చెప్పారు, డోనార్‌కి 23 నుంచి 35 మధ్య వయసు ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడుకి మించి ఎగ్స్ తీయకూడదు, ఆ అమ్మాయికి ఇన్సూరెన్స్ మనమే చేయించాలి. మా ఆయన "నీ కడుపులో పెరిగితే నీ బిడ్డే కదా, దీనికి ఆలోచన ఎందుకు" అన్నారు. నాకు తప్పు అనిపించలేదు, వద్దు అనీ అనలేదు, మనసు ఇంకా అక్కడిదాకా రాలేదు అంతే. కొంతమందికి రెండో రోజే వస్తుంది, వాళ్ళు నాకంటే ధైర్యవంతులు.

మూడో పికప్‌లో వచ్చిన ఆ ఒక్కటి ఫ్రీజర్‌లో ఉంది. 4బీబీ గ్రేడ్, బాగానే ఉంది అన్నారు మేడమ్. చట్టప్రకారం పదేళ్ళు దాచుకోవచ్చు, ఏడాదికి 20 వేలు స్టోరేజ్. మార్చిలో రెన్యువల్ మెసేజ్ వస్తే మా ఆయన నన్ను అడక్కుండానే కట్టేసి రసీదు బీరువాలో పెట్టారు. థైరాయిడ్ ఇప్పుడు కంట్రోల్‌లో ఉంది, వచ్చే నెల, నెలసరి రెండో రోజు నుంచి గర్భసంచి లోపలి పొర పెరగడానికి లైనింగ్ టాబ్లెట్లు మొదలు. ఆర్ఎంపీ గారికి నిన్న చెప్పా, మళ్ళీ ఏడింటికి రావాలండీ అని. అలాగేనమ్మా అన్నారు.